పట్టాభిషేకానికి ఏ గోపురం, ఏ టోపీ? ‘బోరిస్ గొదునోవ్’ రంగాలంకరణ

[దృశ్యం: చీకటి వేదిక. గంటల మోతలాగా రెండు స్వరమేళాలు మార్చి మార్చి వినిపిస్తాయి.]

వ్యాఖ్యానం: రష్యన్ స్వరకర్త మోదెస్త్ ముసోర్గ్‌స్కీ ఆపెరా ‘బోరిస్ గొదునోవ్’లో పట్టాభిషేక ఘట్టం ఈ మోతతోనే మొదలవుతుంది. కాలం 1598. జార్ ఫ్యోదోర్ వారసులు లేకుండా చనిపోవడంతో అతని బావమరిది బోరిస్ మాస్కో సింహాసనం ఎక్కాడు. ఈ ఘట్టం ఎక్కడ జరగాలో స్వరకర్తే రాసిపెట్టాడు: క్రెమ్లిన్‌లోని చౌకు, దూరంగా రాజభవనపు ఎర్ర మెట్లు, ఉస్పెన్‌స్కీ, అర్హాంగెల్‌స్కీ కెథీడ్రళ్ళ నడుమ మోకరిల్లిన జనం. ఇంత వివరం చేతిలో ఉంటే ఇక తెరలు చిత్రించడమే తరువాయి అనిపిస్తుంది గానీ, చిక్కు అక్కడే మొదలవుతుంది.

[దృశ్యం: ఇవాన్ వెలీకీ గంటల గోపురం, కింది నుంచి పైకి.]

వ్యాఖ్యానం: క్రెమ్లిన్ అనగానే కళ్ళముందు నిలిచే ఈ 81 మీటర్ల గోపురాన్ని ఇంత ఎత్తుకు పెంచింది బోరిసే, అదీ 1600లో, గుమ్మటం కింద బంగారు అక్షరాల్లో అతని పేరు నేటికీ ఉంది. అంటే పట్టాభిషేకం నాటికి గోపురం ఇంకా పొట్టిదే. సెయింట్ బాసిల్ కెథీడ్రల్ ముందు వెర్రిబాగులవాడు జార్‌ను నిలదీసే ఘట్టంలోనూ ఇదే సమస్య ఎదురవుతుంది. ఆ కట్టడపు నేటి రంగురంగుల సోయగం చాలావరకు 17వ శతాబ్దంలో వచ్చి చేరినది. బోరిస్ చూసిన గోడలు ఎర్ర ఇటుకవి, తెల్ల రాతివి. అయినా చివరి వరుసలో కూర్చున్న ప్రేక్షకుడు మాస్కోను గుర్తుపట్టేది ఆ ఆకారాలతోనే కాబట్టి, నా లెక్కలో ఇవి క్షమించదగ్గ తప్పులే.

[దృశ్యం: బొయార్ వేషం, దగ్గర నుంచి. కెమెరా చేతుల మీద ఆగుతుంది.]

వ్యాఖ్యానం: దుస్తుల విషయంలో మాత్రం నేను అంత ఉదారంగా ఉండలేను. బొయార్లు, అంటే నాటి ఉన్నత ప్రభువులు, జంతువుల గొంతు దగ్గరి మెత్తని బొచ్చుతో కుట్టిన నిలువెత్తు టోపీలు పెట్టుకునేవారు. వంశగౌరవం ఆ ఎత్తులో కనిపించాలి. పై అంగీ చేతులు వేళ్ళు దాటి కిందికి వేలాడేవి. తన చేతులతో పని చేసుకోవలసిన అవసరం లేదని చాటడమే ఆ పొడవుకు అర్థం. నిర్లక్ష్యంగా పని చేయడాన్ని ‘అంగీ చేతులు దించుకొని పని చేయడం’ అని రష్యన్లు ఇప్పటికీ అంటారు. గాయకుడి సౌకర్యం కోసం ఆ అంగీ చేతుల్ని మణికట్టు దగ్గరికి కత్తిరిస్తే వేషం బాగానే ఉంటుంది, మనిషి మాత్రం మారిపోతాడు. పొడుగు చేతులు, ఎత్తు టోపీ ఉన్నవాడు గబుక్కున తిరగలేడు, తల వంచాలన్నా ఆలోచించి వంచాలి. రాజసభలో ఉండే నింపాదితనం నటనకంటే ముందు బట్టలోంచే వస్తుంది.

[దృశ్యం: పాత తెరల చిత్రాలు, ఒకదాని వెంట ఒకటి.]

వ్యాఖ్యానం: 1874లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని మారిన్‌స్కీ థియేటర్‌లో ఈ ఆపెరా తొలిసారి పూర్తిగా ప్రదర్శితమైనప్పుడు, అంతకు నాలుగేళ్ళ ముందు, ఈ ఆపెరాకు మూలమైన పుష్కిన్ నాటకానికి వేసిన రంగాలంకరణనే మళ్ళీ వాడుకున్నారు. పొదుపు అన్ని కాలాల్లోనూ ఉంది. 1908లో కళా ప్రదర్శనల నిర్వాహకుడు ద్యాగిలెవ్ దీన్ని పారిస్‌కు తీసుకువెళ్ళినప్పుడు బోరిస్‌గా షల్యాపిన్ పాడాడు. తెరలకు గొలోవిన్, దుస్తులకు బిలీబిన్ పనిచేశారు. బిలీబిన్ అంతకుముందే వోలొగ్ద, అర్ఖాంగెల్‌స్క్ ప్రాంతాల పల్లెల్లో తిరిగి పాత దుస్తులను, అల్లికలను సేకరించి చూసినవాడు. మాస్కోలోని బొల్షోయ్ థియేటర్‌లో 1948లో బరాతొవ్ దర్శకత్వంలో వచ్చిన ప్రదర్శనకు ఫ్యోదొరోవ్‌స్కీ కూర్చిన భారీ రంగాలు తర్వాతి తరాల ప్రేక్షకులకూ ఈ ఆపెరా అంటే గుర్తొచ్చే రూపమయ్యాయి.

[దృశ్యం: మళ్ళీ పట్టాభిషేకం. గంటలు ఒక్కసారిగా ఆగుతాయి.]

వ్యాఖ్యానం: ఇక జార్ల పట్టాభిషేక కిరీటమైన మొనోమాఖ్ కిరీటం. సన్నని బంగారు తీగపని, రత్నాలు, అంచున సేబుల్ బొచ్చు ఉన్న అసలుది క్రెమ్లిన్ ఆయుధాగార ప్రదర్శనశాలలో ఉంది. వేదిక మీది నకలు మాత్రం గాయకుడు తల నిలిపి పాడగలిగినంత తేలికగా ఉండాలి. జనం జేజేలు ముగిశాక, జరీ వస్త్రాల బరువులో కదలకుండా నిలబడి, బోరిస్ తన తొలి మాటను చాలా నెమ్మదిగా ఎత్తుకుంటాడు: “నా ఆత్మ దుఃఖిస్తోంది.”