దూకి దిగేటప్పుడు మోకాలు జాగ్రత్త: ఆటగాళ్ల కోసం బ్యాలే ప్లియే

అందరికీ నమస్కారం. విజయవాడలో మా డాబా మీద నుంచి చేస్తున్న వీడియో ఇది. పొద్దున్నే కాబట్టి ఇంకా కాళ్లు కాలడం లేదు, తొందరగా మొదలుపెట్టేద్దాం.

ఈ రోజు బ్యాలే. డాన్స్ నేర్పడం లేదు, కంగారు పడకండి. కబడ్డీ, బ్యాడ్మింటన్, వాలీబాల్ ఆడేవాళ్లకి, ఇందిరాగాంధీ స్టేడియంలో పొద్దున్నే పరిగెత్తేవాళ్లకి, మీ అందరికీ పనికొచ్చే నాలుగు ముక్కలు బ్యాలేలోంచి తీసుకుంటున్నాం.

ఎందుకంటే, ఏసీఎల్, అంటే మోకాలి లోపల ఎముకల్ని పట్టి ఉంచే ఒక ముఖ్యమైన లిగమెంటు, అది తెగినవాళ్లని అడిగి చూడండి. చాలామందిని ఎవరూ గుద్ది ఉండరు. దూకి దిగేటప్పుడు, లేదంటే పరిగెత్తుతూ ఠక్కున ఆగి పక్కకు తిరిగేటప్పుడు తెగి ఉంటుంది. పాదం నేలకు అతుక్కుని ఉంటుంది, మోకాలు లోపలికి వాలిపోతుంది. బ్యాలే వాళ్లు రోజూ ఎన్నోసార్లు దూకుతారు. అయినా బాస్కెట్‌బాల్, ఫుట్‌బాల్ ఆడేవాళ్లతో పోలిస్తే వాళ్లలో ఏసీఎల్ దెబ్బలు బాగా తక్కువ. దానికి ఒక పెద్ద కారణం, దిగడం ఎలాగో వాళ్లకు చిన్నప్పటి నుంచీ నేర్పుతారు. మన గ్రౌండుల్లో ఎంత ఎత్తు ఎగిరావని అడుగుతాం గానీ, ఎలా దిగావని అడగం. నా బాధంతా అదే.

సరే. చెప్పులు, షూస్ తీసేయండి. పట్టుకోవడానికి ఇదిగో, పిట్టగోడ. కిటికీ ఊచలైనా పర్వాలేదు. గట్టిగా పట్టుకోవద్దు, వేళ్లు ఆనించండి అంతే.

పాదం. మడమ, బొటనవేలి మొదలు, చిటికెనవేలి మొదలు, ఈ మూడు చోట్లా బరువు సమానంగా పడాలి. వేళ్లు ముడుచుకోవద్దు. అయిపోయింది. తర్వాత నడుము. పిరుదులు వెనక్కి పెట్టొద్దు, అలాగని లోపలికి దోపేయొద్దు, బెల్టు బకిల్ ఎదురుగా చూడాలి. పక్కటెముకలు ముందుకు పొడుచుకు రాకూడదు. మెడ పొడుగ్గా. స్క్రీన్ మీద చూస్తున్నారు కదా, అంతే.

ఇప్పుడు టర్నౌట్. బ్యాలే వాళ్ల పాదాలు రెండూ బయటికి తిరిగి ఉంటాయి, ఫొటోల్లో చూసే ఉంటారు. ఆ తిరగడం తుంటి దగ్గర మొదలవ్వాలి. తొడ ఎముక తుంటి కీలులో ఎంత తిరిగితే పాదం అంతే తిరగాలి. పాదాన్ని ముందు తిప్పేసి మోకాలిని దాని వెంట లాగితే మోకాలు మెలిపడుతుంది, అరికాలి వంపు కుంగిపోతుంది. తుంటి నిర్మాణం ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది, కాబట్టి పక్కవాళ్లని చూసి పోటీ పడొద్దు. ఆటగాళ్లకి కొంచెం తిరిగితే చాలు, చిన్న వి ఆకారం. నేనైతే సగం సెట్లు పాదాలు తిన్నగా పెట్టే చేయిస్తాను, ఎందుకంటే మీరు పరిగెత్తేది అలాగే కదా.

ఇదంతా మనకు కొత్తేం కాదు. మన కృష్ణా జిల్లా కూచిపూడిలో పుట్టిన నాట్యం నేర్చుకునే పిల్లల్ని చూడండి, అరమండిలో, అంటే మోకాళ్లు బయటికి వంచి సగం కూర్చున్నట్టు నిలబడే భంగిమలో, మోకాళ్లు ఎటు చూస్తుంటాయో. పాదం ఎటు ఉంటే అటే. ఇంట్లో కూచిపూడి నేర్చుకునే చెల్లి ఉంటే ఆమెనే అడగండి, నాకంటే బాగా చెబుతుంది.

ఇక అసలైనది, డెమీ ప్లియే. మోకాళ్లు సగం వంచడం. ఇక్కడ కాస్త నెమ్మదిగా వెళ్దాం, నా దగ్గరకు వచ్చే పిల్లలందరూ ఆగిపోయేది ఇక్కడే.

ముందు ఒక స్కెచ్ పెన్ను తీసుకోండి. మోకాలి చిప్ప మధ్యలో చుక్క పెట్టండి. కనబడుతోందా? ఇప్పుడు పాదంలో బొటనవేలి పక్క వేలు, మన ఆడవాళ్లు మెట్టె పెట్టుకునే వేలు, దాని మీద ఇంకో చుక్క. మోకాలు వంగుతున్నంతసేపూ పై చుక్క కింది చుక్క వైపే వెళ్లాలి. ఇంతే రూల్.

ఇదిగో, నా దగ్గర నేర్చుకునే అమ్మాయి చేసి చూపిస్తుంది. అమ్మా, కొంచెం ఎదురుగా తిరుగు. ఆ. నాలుగు లెక్కపెడుతూ కిందికి, నాలుగు లెక్కపెడుతూ పైకి. స్క్వాట్ కాదు, స్క్వాట్‌లో తుంటి వెనక్కి వెళ్తుంది. ఇక్కడ వీపు లిఫ్ట్ దిగినట్టు నిలువుగా దిగాలి. ఒకటి, రెండు... ఆగు. చూశారా? మూడు దగ్గర కుడి చుక్క బొటనవేలు దాటి లోపలికి వచ్చింది. పాదం కూడా చూడండి, అరికాలు నేలకు ఆనిపోయింది, చిటికెనవేలు లేచింది. రెండూ ఒకేసారి జరుగుతాయి. ఈ అమ్మాయి బ్యాడ్మింటన్ ఆడుతుంది, నెట్ దగ్గర డ్రాప్ షాట్ అందుకోవడానికి కుడికాలు ముందుకు వేసిన ప్రతిసారీ మోకాలు ఇలాగే పోతోంది.

దీన్ని మోకాలి దగ్గర సరిచేయాలని చూడొద్దు. మోకాలిని చేత్తో బయటికి తోయొద్దు. పిరుదు పక్కన చెయ్యి పెట్టుకోండి, అక్కడి కండరం బిగిసి తొడను బయటికి తిప్పాలి. మళ్లీ చెయ్యమ్మా. ఒకటి, రెండు, మూడు... ఆ, ఇప్పుడు చూడండి, చుక్క నిలిచింది. ఎక్కడ లాగుతోంది? పిక్కలోనా? మంచిది. మడమ లేవబోయే ముందే ఆగు, అదే నీ లోతు. ఇంకా కిందికి వెళ్లాలని మడమ లేపితే ఈ వ్యాయామం పాడైపోయినట్టే. నెమ్మదిగా ఎనిమిది. మళ్లీ చెబుతున్నా, నెమ్మదిగా.

అద్దం కంటే ఫోన్ నయం. ఎదురుగా మోకాలి ఎత్తులో పెట్టి స్లో మోషన్‌లో తీయండి. అద్దంలో చూసుకోవడానికి తల వంచుతారు, తల వంగితే నడుము కదిలిపోతుంది.

ఇంకో మాట. మగపిల్లలు కొందరు ఇది ఆడవాళ్ల పని అని సిగ్గుపడుతున్నారు. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ మాజీ డిఫెండర్ రియో ఫెర్డినాండ్ చిన్నప్పుడు లండన్‌లో బ్యాలే స్కూలుకు వెళ్లాడు. సిగ్గు పక్కన పెట్టండి నాన్నా.

రెలెవే. మునివేళ్ల మీద లేవడం. చీలమండల మధ్య ఒక బంతి పెట్టుకోండి, బీసెంట్ రోడ్డులో దొరికే మామూలు రబ్బరు బంతి చాలు. బంతి జారిపోకుండా లేవండి, దిగండి. పైకి లేచాక బరువు చిటికెనవేలి వైపు జారితే బంతి పడిపోతుంది, చీలమండ మడతపడేది కూడా అటువైపే. రెండు కాళ్ల మీద బాగా వచ్చాక ఒంటికాలు.

చివరిది సోతే, చిన్న గెంతు. ప్లియే, ఎగరడం, మళ్లీ ప్లియే. దిగేటప్పుడు ముందు వేళ్లు, తర్వాత పాదం ముందు భాగం, తర్వాత మడమ. చప్పుడు వినండి. ధబ్ మని వస్తే మోకాళ్లు ఆలస్యంగా వంగుతున్నాయని అర్థం. కింద పోర్షన్‌లో ఉన్నవాళ్లకి వినపడకూడదు. ఆరు చాలు.

ఇవన్నీ ప్రాక్టీస్‌కు ముందు, ఒళ్లు కాస్త వేడెక్కాక చేయండి. బరువులు ఎత్తడం మానొద్దు, ప్లియే దానికి బదులు కాదు. బ్యాలే వాళ్లకీ దెబ్బలు తగులుతాయి, అతిగా చేసి పాదాల్లో, చీలమండల్లో ఎముకలు చిట్లుతాయి. మోకాలి లోపల పొడిచినట్టు నొప్పి వచ్చినా, వాపు ఉన్నా ఆపేసి ఫిజియో దగ్గరకు వెళ్లండి, యూట్యూబ్‌లో వెతుక్కోవద్దు, నా వీడియోలతో సహా. సోతే దిగేటప్పుడు చుక్క లోపలికి పోతుంటే ఆ రోజుకు దూకడం ఆపేయండి, ప్లియే వరకే చేయండి.