నొక్కుల జుట్టుకు ఏది రాయాలి, ఎప్పుడు రాయాలి

వేదిక మీది పెద్దలకు, అధ్యాపకులకు, విద్యార్థినులకు నమస్కారం.

ఇరవై రెండేళ్ళుగా విశాఖపట్నంలో బ్యూటీ పార్లర్ నడుపుతున్నాను. మీ వయసు పిల్లలు కుర్చీలో కూర్చోగానే నాతో చెప్పే మాట దాదాపు ఒకటే: “ఆంటీ, నా జుట్టు మాట వినదు, పీచులా లేచిపోతుంది, స్ట్రెయిటెనింగ్ చేసేయండి.” ఆ జుట్టును తడిపి, పెద్ద పళ్ళ దువ్వెనతో చిక్కు తీసి, చేయి తగలకుండా కాసేపు వదిలేస్తే చెవుల దగ్గర మొదలై అంచుల దాకా ఒక్కో పాయ నొక్కులు తేలుతుంది. అద్దంలో అది చూసి ఆ పిల్ల, “ఇది నా జుట్టేనా?” అంటుంది. తిన్నని జుట్టుకు చేసినట్టే దీనికీ ఆరిన తరువాత దువ్వెన పెట్టడం, తువ్వాలుతో గట్టిగా రుద్దడం, మార్కెట్లో పేరున్న సీరం ఏదో ఒకటి పూయడం వల్ల ఇన్నేళ్ళూ ఆ నొక్కులు విడిపోయి, రేగిన జుట్టుగా కనిపించాయి.

ఏం కొనాలో చెప్పే ముందు వెంట్రుకలో ఏం జరుగుతుందో చెప్పాలి, ఎందుకంటే అది తెలిసిన మనిషిని ఏ ప్రకటనా మోసం చేయలేదు. వెంట్రుకలో అధిక భాగం కెరాటిన్ అనే ప్రోటీన్. ఆ ప్రోటీన్ పోగులను కలిపి ఉంచే బంధాలలో గంధకంతో ఏర్పడే డైసల్ఫైడ్ బంధాలు మొండివి; మామూలు నీళ్ళకు అవి చలించవు, జుట్టును తిన్నగా చేసే రీబాండింగ్ వంటి మందులే వాటిని తెంచుతాయి. హైడ్రోజన్ బంధాలు మాత్రం నీళ్ళు తగలగానే విడిపోయి, జుట్టు ఆరుతున్నప్పుడు ఏ వంపులో ఉంటే ఆ వంపులోనే మళ్ళీ కలుస్తాయి. తడి జుట్టుకు జడ వేసుకుని పడుకుంటే తెల్లవారి జడ విప్పగానే కనిపించే నొక్కులు ఈ హైడ్రోజన్ బంధాల పనే. మన సముద్రపు గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఆరిన జుట్టు కూడా ఆ తేమను పీల్చుకుని ఉబ్బుతుంది, కలిసిన బంధాలు మళ్ళీ సడలుతాయి, పాయలో కలిసి ఉండవలసిన వెంట్రుకలు దేని దారిన అవి లేస్తాయి. బీచ్ రోడ్డులో సాయంత్రం నడిచి ఇంటికి చేరేసరికి తల పెరిగినట్టు అనిపించడం మీలో చాలామందికి అనుభవమే.

కాబట్టి స్టైలింగ్ సాధనం చేయవలసిన పని ఒక్కటే ఉంది: తడి నుంచి పొడికి మారే ఆ గంటా రెండు గంటల్లో పాయను చెదరకుండా పట్టి ఉంచి, ఆరిన తరువాత గాలిలోని తేమకు కొంత అడ్డుగా నిలవడం. దుకాణంలో ఏ సీసా చేతికి తీసుకున్నా, ఇది పట్టి ఉంచేదా, మెరుపునిచ్చేదా, మెత్తబరిచేదా అన్న ప్రశ్న వేసుకోండి. పట్టి ఉంచేవి జెల్, మూస్ అనే నురగ. మెత్తబరిచేవి లీవ్-ఇన్ కండిషనర్ (రాసి కడగకుండా వదిలేసేది), క్రీమ్. సీరం ఎక్కువగా మెరుపునిచ్చేది. మన దగ్గర అమ్మాయిలు మొట్టమొదట కొనేది సీరమే, నిరాశపడేదీ దానితోనే. అందులో ప్రధానంగా ఉండే డైమెథికోన్ వంటి సిలికోన్లు వెంట్రుక మీద నున్నని పొర వేసి చిక్కు పడకుండా చేస్తాయి, మెరుపు తెస్తాయి, కానీ నొక్కును నిలబెట్టే శక్తి వాటికి లేదు. జుట్టు ఆరిన తరువాత చివర్లకు రెండు చుక్కలు రాసుకుంటే సీరం మంచిదే. తడి జుట్టుకు జెల్‌కు బదులుగా రాస్తే మాత్రం దానికి చేతకాని పని అప్పగించినట్టు.

లేబుల్ చదవడం అలవాటు చేసుకోండి. మన దేశపు 2020 నాటి సౌందర్య సాధనాల నిబంధనల ప్రకారం ఒక శాతానికి మించి ఉన్న పదార్థాలను బరువును బట్టి ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా ముద్రించాలి; ఒక శాతం, అంతకన్నా తక్కువ ఉన్నవాటిని ఆ తరువాత ఏ వరుసలోనైనా వేయవచ్చు. అట్ట మీద పెద్దక్షరాలలో కనిపించే ఆర్గాన్ నూనె వెనక జాబితాలో, కొద్దిగానే వేసే సువాసన పదార్థం తరువాత ఉందంటే, అది పేరుకే ఉందని అనుమానించవచ్చు. పట్టునిచ్చే పదార్థాలు పీవీపీ, వీపీ/వీఏ కోపాలిమర్, పాలీక్వాటర్నియమ్-11 వంటి పేర్లతో కనిపిస్తాయి. వీటిలో పీవీపీకి ఒక చరిత్ర ఉంది: 1930ల చివర జర్మనీలో వాల్టర్ రెప్పే దీనిని రూపొందించారు, రెండో ప్రపంచ యుద్ధకాలంలో గాయపడిన సైనికులకు రక్తపు ప్లాస్మాకు బదులుగా ఎక్కించారు, 1950లలో అది హెయిర్ స్ప్రేలలోకి వచ్చింది. జాబితాలో ఆల్కహాల్ అన్న మాట కనబడగానే సీసా కింద పెట్టేయకండి. సెటైల్ ఆల్కహాల్, సెటెరిల్ ఆల్కహాల్ మైనంలాంటివి, జుట్టును మెత్తగా ఉంచుతాయి. త్వరగా ఆవిరై పొడిబారేలా చేసేది ఆల్కహాల్ డినాట్. అది మొదటి రెండు మూడు పేర్లలో ఉంటే ఇప్పటికే బిరుసుగా ఉన్న జుట్టుకు వద్దంటాను.

గ్లిజరిన్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే ఒకే జెల్‌ను అక్క మెచ్చుకుని చెల్లి తిట్టుకోవడానికి చాలాసార్లు కారణం అదే. గ్లిజరిన్ తేమను ఆకర్షిస్తుంది. గాలిలో తేమ మితంగా ఉన్న రోజుల్లో అది జుట్టును మృదువుగా ఉంచుతుంది. విశాఖలో, కాకినాడలో, మచిలీపట్నంలో ఉక్కపోసే నెలల్లో మాత్రం గాలిలోని నీటిని జుట్టులోకి లాగి ఉబ్బిస్తుంది, పాయలు జిగటగా తయారవుతాయి. చికాగోలో చదువుకుంటున్న మా మేనకోడలికి చలికాలంలో మరో రకం ఇబ్బంది: హీటరు నడిచే గదిలో గాలి ఎండిపోయి ఉంటుంది కాబట్టి, లాగడానికి బయట తేమ లేక, జుట్టులో ఉన్న తేమే పోతుంది. అందుకే ఇక్కడి నుంచి పట్టుకెళ్ళిన సీసా అక్కడ పనిచేయలేదని ఆమె ఫోన్ చేస్తే నేను ఆశ్చర్యపోలేదు. కోస్తాలో ఉండేవారు వర్షాకాలానికి గ్లిజరిన్ మొదటి అయిదు పేర్లలో లేని జెల్ చూసుకోండి.

ఇక మీ జుట్టు సన్నమా, దళసరా అన్నది తేల్చుకోవాలి. రాలిన వెంట్రుక ఒకటి తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలపండి. వేళ్ళకు ఏమీ తెలియకపోతే సన్నం. కుట్టు దారంలా గట్టిగా తగిలితే దళసరి. సన్నని జుట్టుకు షియా వెన్న నిండిన క్రీములు బరువై, నొక్కులు కిందికి జారిపోయి, నూనె కారినట్టు కనిపిస్తుంది; అలాంటి జుట్టుకు నురగ చాలు. దళసరి జుట్టుకు ముందు కొద్దిగా క్రీమ్, దాని పైన జెల్ కావాలి.

కొబ్బరి నూనె మానేయాలా అని అమ్మలు అడుగుతారు. మానవద్దు, వేళ మార్చండి. కొబ్బరి నూనెలోని లారిక్ ఆమ్లం వెంట్రుక లోపలికి చొరబడగలదు. కొబ్బరి, పొద్దుతిరుగుడు, మినరల్ నూనెలను పోల్చి చూసి 2003లో ప్రచురించిన భారతీయ పరిశోధన ఒకదానిలో జుట్టు నుంచి ప్రోటీన్ పోకుండా చెప్పుకోదగినంతగా కాపాడింది కొబ్బరి నూనె మాత్రమే. తలంటుకు ముందు రాసి, తరువాత కడిగేయండి. జెల్ కింద నూనె ఉంటే జెల్ పొర సరిగ్గా పట్టదు.

ఖరీదైన సీసా అందరికీ అక్కర్లేదు, జెల్ ఇంట్లోనే కాచుకోవచ్చు. పావు కప్పు అవిసె గింజలను రెండు కప్పుల నీళ్ళలో వేసి సన్నని సెగ మీద తిప్పుతూ కాయండి. ఎనిమిది, పది నిమిషాలకు నీళ్ళు కోడిగుడ్డు తెల్లసొనలా చిక్కబడి, గరిట ఎత్తితే తీగలా సాగుతాయి. ఆ వేడి మీదే పలచని నూలు బట్టలో వడకట్టాలి. చల్లారనిస్తే జెల్ గింజలను వదిలి రాదు. ఫ్రిజ్‌లో వారం ఉంటుంది, వాసన మారితే పారబోయండి.

జుట్టు నుంచి నీళ్ళు ఇంకా కారుతుండగానే జెల్ రాయాలి. అరచేతుల్లో పరిచి, పాయల మీద పైనుంచి కిందికి నిమిరి, ఆ పైన తల వంచి చివర్లను గుప్పిట్లోకి తీసుకుని మాడు వైపు నొక్కండి. పిసికిన స్పాంజిలా చప్పుడు వినిపించాలి. ఆ చప్పుడు లేకపోతే ఇంకొన్ని నీళ్ళు చల్లుకోండి, జెల్ పెంచకండి. మెత్తని పాత నూలు బట్టతో అద్ది, పూర్తిగా ఆరేదాకా తాకకుండా ఉండడమే అన్నిటికన్నా కష్టమైన పని. ఆరాక జుట్టు అట్టలా గట్టిపడితే భయపడి కడిగేసుకోకండి. అరచేతుల మధ్య నలిపితే ఆ పెళుసు పొర విరిగి, లోపలి నుంచి మెత్తని నొక్కు బయటికి వస్తుంది.

స్ట్రెయిటెనింగ్ గురించి ఒక్క మాట. కొన్నేళ్ళ కిందట ఒక శిక్షణ తరగతిలో నున్నబరిచే మందు పూసి వేడి ఇస్త్రీ పెట్టగానే గది నిండా పొగ లేచి అందరి కళ్ళూ మండాయి. నేర్పే మనిషి కిటికీ తెరవమన్నారే తప్ప అందులో ఏముందో చెప్పలేదు. అలాంటి మందులు కొన్నిటిలో మిథిలీన్ గ్లైకాల్ ఉంటుంది, వేడి తగిలితే అది ఫార్మాల్డిహైడ్‌ను వదులుతుంది. ఈ ఫార్మాల్డిహైడ్‌ను మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థంగా అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో వర్గీకరించింది. ఆ రోజు నుంచి నా పార్లర్‌లో ఆ పని చేయడం లేదు. అడిగి వచ్చిన పిల్లను వెనక్కి పంపేటప్పుడు రాబడి పోతుందన్న బాధ నాకు లేదు, పక్క వీధిలో చేయించుకుంటుందేమోనన్న దిగులు ఉంది.

ఈ బల్ల మీది గిన్నెలో ఉన్నది పొద్దున కాచి తెచ్చిన అవిసె జెల్. నీళ్ళ స్ప్రే సీసా, నూలు తువ్వాళ్ళు కూడా తెచ్చాను. సన్నని జుట్టు ఉన్న ఒకరు, దళసరి జుట్టు ఉన్న ఒకరు ముందుకు వస్తే ఒకరికి జెల్ ఒక్కటే, ఇంకొకరికి క్రీమ్ మీద జెల్ రాసి చూపిస్తాను. ఆరేలోగా మీ ప్రశ్నలు తీసుకుంటాను.