థండర్‌బర్డ్‌లో మెయిల్ ఆగిపోతోందా? యాంటీవైరస్ ఎక్కడ అడ్డుపడుతోందో పట్టుకుందాం

[స్క్రీన్: థండర్‌బర్డ్ తెరిచి ఉంది. కింది స్టేటస్ బార్ "డౌన్‌లోడింగ్ మెసేజ్" దగ్గర కదలకుండా ఉంది.]

నమస్తే అండీ. కంప్యూటర్‌లో మెయిల్ చూసుకునే ప్రోగ్రామ్ థండర్‌బర్డ్ నిన్నటిదాకా బాగా నడిచి, ఉన్నట్టుండి మొరాయిస్తుంది. పాస్‌వర్డ్ సరైనదే, నెట్ ఉంది, అదే మెయిల్ ఫోన్‌లో వచ్చేస్తోంది. కంప్యూటర్‌లో మాత్రం రాదు. పంపబోతే టైమ్‌డ్ ఔట్ అంటుంది. ఇలాంటప్పుడు మొదట అనుమానించాల్సింది యాంటీవైరస్‌ని. అలాగని దాన్ని తీసేయనక్కర్లేదు. అది మెయిల్‌లో రెండు చోట్ల చెయ్యి పెడుతుంది: సర్వర్ నుంచి మెయిల్ వచ్చే దారిలో, వచ్చాక డిస్క్ మీద ఉండే ఫైల్‌లో. మీ దగ్గర ఏది జరుగుతోందో తేలితే సగం పని అయిపోయినట్టే.

[స్క్రీన్: విండోస్ స్టార్ట్ మెనూ. షిఫ్ట్ కీ నొక్కి పట్టుకుని రీస్టార్ట్.]

యాంటీవైరస్ గుర్తు మీద రైట్ క్లిక్ చేసి "డిసేబుల్" కొట్టి, "అయినా బాగుపడలేదు, కాబట్టి తప్పు దానిది కాదు" అనుకునేవాళ్లు చాలామంది. డిసేబుల్ చేసినా దాని డ్రైవర్లు వెనక నడుస్తూనే ఉండొచ్చు. నమ్మదగిన పరీక్ష సేఫ్ మోడ్ విత్ నెట్‌వర్కింగ్, అంటే విండోస్‌ను అత్యవసరమైనవాటితో, నెట్‌తో మాత్రమే తెరవడం. షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ చేయండి. ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్, రీస్టార్ట్. వచ్చే జాబితాలో 5 నొక్కండి. డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ ఉన్న ల్యాప్‌టాప్ అయితే రికవరీ కీ అడగొచ్చు, ముందే దగ్గర పెట్టుకోండి. అక్కడ మెయిల్ సాఫీగా వస్తే దోషి దాదాపు దొరికినట్టే. అక్కడా రాకపోతే మామూలుగా విండోస్‌లోకి వచ్చి, థండర్‌బర్డ్ హెల్ప్ మెనూలోని ట్రబుల్‌షూట్ మోడ్‌లో తెరిచి యాడ్-ఆన్‌ల, అంటే థండర్‌బర్డ్‌కు అదనంగా తగిలించుకున్న చిన్న ప్రోగ్రామ్‌ల సంగతి చూడండి.

[స్క్రీన్: "యాడ్ సెక్యూరిటీ ఎక్సెప్షన్" పెట్టె. "వ్యూ" బటన్ చుట్టూ ఎర్ర గీత.]

ఇక దారి సంగతి. మెయిల్ తెచ్చుకోవడానికి రెండు పద్ధతులు: మెయిల్‌ను సర్వర్‌లోనే ఉంచి చూపేది ఐమ్యాప్, కంప్యూటర్‌లోకి దించుకునేది పాప్. ఐమ్యాప్ 993 పోర్టులో, పాప్ 995లో, పంపే మెయిల్ 465 లేదా 587లో ఎన్‌క్రిప్ట్ అయి, అంటే మధ్యలో ఎవరూ చదవలేని రూపంలో వెళ్తాయి. ఎన్‌క్రిప్ట్ అయినదాన్ని స్కాన్ చేయాలంటే యాంటీవైరస్ మధ్యలో కూర్చోవాలి. కవరు చించి ఉత్తరం చదివి, మళ్లీ అంటించి తన సీలు, అంటే తన సర్టిఫికెట్, వేసి పంపినట్టన్నమాట. థండర్‌బర్డ్ ఆ సీలును గుర్తుపట్టక సర్టిఫికెట్ ఎర్రర్ చూపిస్తుంది.

ఈ పెట్టె రాగానే "కన్ఫర్మ్" నొక్కేయకండి. "వ్యూ" నొక్కి, సర్టిఫికెట్ ఇచ్చింది ఎవరో చదవండి. జీమెయిల్ అయితే అక్కడ గూగుల్ ట్రస్ట్ సర్వీసెస్ అని ఉండాలి. దాని బదులు "అవాస్ట్ వెబ్ మెయిల్ షీల్డ్ రూట్" లాంటిదో, మీ యాంటీవైరస్ కంపెనీ పేరో ఉంటే విషయం తేలిపోయింది. ఆ రెండూ కాక ఊరూపేరూ తెలియనిది కనిపిస్తే మాత్రం ఆ నెట్‌వర్క్ నుంచి వెంటనే బయటికి రండి.

పరిష్కారం సులువే. యాంటీవైరస్‌లో మెయిల్ షీల్డ్, ఈమెయిల్ ప్రొటెక్షన్, ఎస్‌ఎస్‌ఎల్ స్కానింగ్ లాంటి పేరుతో ఒక మీట ఉంటుంది. అదొక్కటే ఆపండి, రియల్ టైమ్ ప్రొటెక్షన్‌ను ముట్టుకోవద్దు. ఆఫీసు కంప్యూటర్‌లో ఆపే వీలు లేకపోతే థండర్‌బర్డ్ సెట్టింగ్స్‌లో జనరల్ అడుగున ఉన్న కాన్ఫిగ్ ఎడిటర్ తెరిచి, "సెక్యూరిటీ డాట్ ఎంటర్‌ప్రైజ్ అండర్‌స్కోర్ రూట్స్ డాట్ ఎనేబుల్డ్" విలువ ట్రూ అని ఉందో లేదో చూడండి. లేకపోతే మార్చండి. అప్పుడు విండోస్ నమ్మే సర్టిఫికెట్‌ను థండర్‌బర్డ్ కూడా నమ్ముతుంది.

[స్క్రీన్: ప్రొఫైల్ ఫోల్డర్. "ఇన్‌బాక్స్" ఫైల్, పక్కనే "ఇన్‌బాక్స్ డాట్ ఎంఎస్‌ఎఫ్".]

అసలు నష్టం జరిగేది డిస్క్ మీద, థండర్‌బర్డ్ మీ మెయిల్స్, సెట్టింగ్స్ దాచుకునే ప్రొఫైల్ ఫోల్డర్‌లో. హెల్ప్, ట్రబుల్‌షూటింగ్ ఇన్ఫర్మేషన్, ప్రొఫైల్ ఫోల్డర్ ఎదురుగా "ఓపెన్ ఫోల్డర్" నొక్కండి. పాప్ ఖాతాలు "మెయిల్" ఫోల్డర్‌లో, ఐమ్యాప్ ఖాతాలు "ఐమ్యాప్‌మెయిల్" ఫోల్డర్‌లో ఉంటాయి. ఇన్‌బాక్స్ అనే పేరుతో ఎక్స్‌టెన్షన్ లేని ఫైల్ కనిపిస్తుందే, మీ ఇన్‌బాక్స్‌లోని మెయిల్స్ అన్నీ ఆ ఒక్క ఫైల్‌లోనే వరసగా ఉంటాయి. పక్కనున్న ఎంఎస్‌ఎఫ్ దాని ఇండెక్స్ మాత్రమే.

వేల మెయిల్స్‌లో ఒక్కదాని అటాచ్‌మెంట్‌లో వైరస్ ఉన్నా, యాంటీవైరస్ కంటికి అదంతా ఒకటే ఫైల్. మొత్తం ఫైల్‌ను క్వారంటైన్‌లో, అంటే అనుమానపు ఫైళ్లను విడిగా బంధించే చోట పడేస్తుంది. పొద్దున తెరిస్తే ఇన్‌బాక్స్ ఖాళీ! కొన్ని యాంటీవైరస్‌లు కొత్త మెయిల్ వచ్చి ఫైల్ మారిన ప్రతిసారీ ఫైల్ మొత్తాన్ని మళ్లీ స్కాన్ చేస్తాయి. ఇన్‌బాక్స్ రెండు మూడు జీబీలు ఉంటే థండర్‌బర్డ్ బిగుసుకుపోయేది అందుకే. పాత వెర్షన్లలో కాంపాక్ట్ చేసేటప్పుడు, అంటే డిలీట్ చేసిన మెయిల్స్‌ను ఫైల్‌లోంచి నిజంగా తీసేసేటప్పుడు, యాంటీవైరస్ ఫైల్‌ను వదలకపోతే "ఎన్‌ఎస్‌టీఎంపీ" అనే వింత ఫోల్డర్లు మిగిలిపోయేవి.

[స్క్రీన్: విండోస్ సెక్యూరిటీ తెరుచుకుంటుంది.]

దీనికి మందు ఎక్స్‌క్లూజన్, అంటే ప్రొఫైల్ ఫోల్డర్‌ను ముట్టుకోవద్దని యాంటీవైరస్‌కు చెప్పడం. విండోస్ డిఫెండర్ అయితే వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్‌లో మేనేజ్ సెట్టింగ్స్, అడుగున ఎక్స్‌క్లూజన్స్, యాడ్ ఎన్ ఎక్స్‌క్లూజన్, ఫోల్డర్. ఇందాకటి ప్రొఫైల్ ఫోల్డర్‌ను ఎంచుకోండి. సీ డ్రైవ్ మొత్తమో, డౌన్‌లోడ్స్, టెంప్ ఫోల్డర్లో చేర్చొద్దు. అటాచ్‌మెంట్‌ను తెరిచినా సేవ్ చేసినా అది ప్రొఫైల్ బయటికి వచ్చి పడుతుంది, యాంటీవైరస్ దాన్ని పట్టుకునేది అక్కడే. అందుకే ఈ మినహాయింపు వల్ల రక్షణ పెద్దగా తగ్గదు.

పాప్ వాడేవాళ్లు ఇంకొకటి చేయాలి. సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, యాంటీవైరస్ కింద "అలో యాంటీవైరస్ క్లయింట్స్ టు క్వారంటైన్ ఇండివిడ్యువల్ ఇన్‌కమింగ్ మెసేజెస్" గడిలో టిక్ పెట్టండి. అప్పుడు వచ్చే ప్రతి మెయిల్ ముందు విడి టెంప్ ఫైల్‌గా దిగుతుంది. వైరస్ ఉంటే ఆ ఒక్కటే పోతుంది, ఇన్‌బాక్స్ జోలికి రాదు.

[స్క్రీన్: యాంటీవైరస్ క్వారంటైన్ జాబితా. "ఇన్‌బాక్స్" ఫైల్ ఎంచుకుని ఉంది.]

ఇప్పటికే ఇన్‌బాక్స్ మాయమైపోయిందా? కంగారు పడి యాంటీవైరస్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేయకండి, దాంతోపాటు క్వారంటైన్ కూడా పోవచ్చు. ముందు థండర్‌బర్డ్ పూర్తిగా మూసేయండి. పైన చెప్పిన ఎక్స్‌క్లూజన్ పెట్టండి, లేదంటే వెనక్కి తెచ్చిన మరుక్షణం మళ్లీ ఎత్తుకుపోతుంది. ఈలోగా థండర్‌బర్డ్ కొత్త ఇన్‌బాక్స్ ఫైల్ తయారు చేసి ఉంటుంది. దాని పేరు "ఇన్‌బాక్స్-కొత్త" అని మార్చండి, ఈమధ్య వచ్చిన మెయిల్స్ అందులో ఉంటాయి. తర్వాత క్వారంటైన్‌లో "రిస్టోర్" నొక్కండి. పాత ఇన్‌బాక్స్ డాట్ ఎంఎస్‌ఎఫ్‌ను డిలీట్ చేసి థండర్‌బర్డ్ తెరిస్తే ఇండెక్స్ తిరిగి తయారవుతుంది. పెద్ద ఫైల్ అయితే కాస్త ఓపిక పట్టాలి. అన్నీ వచ్చాక వైరస్ ఉన్న ఆ మెయిల్‌ను తెరవకుండా డిలీట్ చేసి, ట్రాష్ ఖాళీ చేసి, ఇన్‌బాక్స్ మీద రైట్ క్లిక్‌తో కాంపాక్ట్ కొట్టండి. డిలీట్ చేసినంత మాత్రాన అది ఫైల్‌లోంచి పోదు, కాంపాక్ట్ చేస్తేనే పోతుంది.

క్వారంటైన్‌లో లేకుండా యాంటీవైరస్ ఫైల్‌ను తుడిచేసి ఉంటే? ఐమ్యాప్ ఖాతా అయితే మెయిల్స్ సర్వర్‌లోనే ఉన్నాయి. ఇన్‌బాక్స్ ప్రాపర్టీస్‌లో "రిపేర్ ఫోల్డర్" నొక్కండి, మళ్లీ దిగుతాయి. పాప్ అయితే బ్యాకప్పే దిక్కు. కాబట్టి పాప్ వాడేవాళ్లు ఇప్పుడే అకౌంట్ సెట్టింగ్స్‌లో సర్వర్ సెట్టింగ్స్ తెరిచి "లీవ్ మెసేజెస్ ఆన్ సర్వర్" టిక్ ఉందేమో చూడండి. దాని కింద ఎన్ని రోజులు ఉంచాలో రాసే గడి కూడా ఉంది, అక్కడి అంకెను మీరు బ్యాకప్ తీసుకునే వ్యవధి కన్నా ఎక్కువ పెట్టుకోండి.