బర్రె పాలు పిండే చెయ్యి

శ్రోతలకు నమస్కారం. మన నల్లగొండలో కాలు పట్టేసినా, చెయ్యి నొచ్చినా ముందు వినపడే మాట ఫ్లోరైడ్. ఎందుకనరు? ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లు తాగి వంగిపోయిన నడుములు మన కళ్లముందే ఉన్నాయి. కానీ ప్రతి నొప్పినీ ఆ ఖాతాలోనే రాసేస్తే చేయాల్సిన వైద్యం చేయకుండా పోతాం.

మర్రిగూడ వైపు నుంచి ఒకామె వైద్యానికి నా దగ్గరికి వచ్చింది. మూడు బర్రెలు, రెండు పూటలా పిండుడు. కుడి మోచేయి లోపలి పక్క నొప్పి. "ఫ్లోరైడే సారూ, ఇగ తగ్గదు" అని తీర్పు కూడా తనే ఇచ్చేసింది. ఫ్లోరైడ్ జబ్బు ఎక్కువగా వెన్ను, మెడ, పెద్ద కీళ్లను బిగదీస్తుంది. ఈమెను అరచెయ్యి పైకి పెట్టి మణికట్టు మడవమని, నేను ఎదురు నొక్కాను. లోపలి ఎముక బుడిపె మీద వేలు పెట్టి "ఇగో, ఈడనే" అంది.

మణికట్టును మడిచే కండరాలు, పిడికిలి బిగించే వాటిలో కొన్ని, ఆ బుడిపె దగ్గరే మొదలవుతాయి. నరం పట్టిందంటాం గానీ అది నరం కాదు, కండరాన్ని ఎముకకు కట్టే తాడు, టెండన్. ఏళ్ల తరబడి లాగీ లాగీ దాని పోగులు చెడతాయి. డాక్టర్లు దీన్ని గోల్ఫర్స్ ఎల్బో, అంటే గోల్ఫ్ ఆడేవాళ్ల మోచేయి అంటారు. పాపం, ఆమె గోల్ఫ్ కర్రను ఎన్నడూ చూడలేదు! తడి బట్టలు పిండేవాళ్లకూ, సుత్తి పట్టే మేస్త్రీలకూ ఇదే వస్తుంది.

అంతకుముందే ఆమె ఒకచోట స్టెరాయిడ్ సూది వేయించుకుంది. నెలన్నర హాయిగా ఉండి, నొప్పి మళ్లీ వచ్చింది. సూదితో నొప్పి తగ్గుతుంది గానీ టెండన్ గట్టిపడదు. చెయ్యి మెడకు కట్టుకుని కూర్చున్నా అంతే, ఇంకా బలహీనపడుతుంది.

నేను చెప్పింది ఇది. కొన్నాళ్లు పిండుడు సగం ఇంకొకరికి అప్పజెప్పు. అర లీటరు నీళ్ల బాటిల్ తీసుకో. ముంజేయి తొడ మీద ఆనించి, అరచెయ్యి పైకి, మణికట్టు మోకాలు దాటి ఉండాలి. బాటిల్‌ను నాలుగైదు సెకన్లు పట్టేలా మెల్లగా కిందికి దించు. పైకి మాత్రం రెండో చేత్తో లేపు. పదిహేనుసార్లు, మూడు విడతలు. కొద్దిగా నొస్తే ఫర్వాలేదు. తెల్లారి కూడా నొప్పి ఎక్కువే ఉంటే బరువు తగ్గించు.

చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కితే అక్కడి నరం నలుగుతున్నట్టు, డాక్టరుకు చూపించండి. ఛాతీ బరువెక్కి చెయ్యి లాగితే మాత్రం వ్యాయామం కాదు, వెంటనే ఆసుపత్రి.

మూడో నెలలో ఆమె మళ్లీ వచ్చింది. పొద్దటి పూట మూడు బర్రెలూ తనే పిండుతోందట. సంచిలోంచి సొట్టలు పోయిన బాటిల్ తీసి, "ఇగ దీన్ని పారేయనా సారూ?" అంది.

"వద్దమ్మా. లీటరుది కొనుక్కో."