చేతులు పుల్లలు, పొట్ట కుండ: ఏళ్ల తరబడి తాగిన ఒళ్లు ఏం చెబుతుంది?

[ఓపెనింగ్: వంటింటి గట్టు మీద స్టీలు గ్లాసులో టీ. ఒక చెయ్యి అందుకుంటుంది. గ్లాసు పళ్లెం అంచుకి తగిలి టకటకమంటుంది. మనిషి ముఖం చూపించం.]

వాయిస్: పొద్దున్న ఆరున్నర. టీ నోటి దాకా వచ్చేలోపే సగం చొక్కా మీద ఒలికిపోయింది. "రాత్రి నిద్ర పట్టలేదులేవే, నీరసం" అంటాడాయన. బీరువా వెనక నుంచి సీసా తీసి ఒక గుక్క వేస్తాడు. పది నిమిషాల్లో చెయ్యి నిలబడుతుంది. "చూశావా? ఏం లేదు."

మందు అన్న మాటకి మనకి రెండర్థాలున్నాయి. పొద్దున్న ఆరున్నరకి ఆయనకి ఆ రెండూ ఒకటే అయిపోయాయి. ఇవాళ ఆ "ఏం లేదు" లోపల ఏముందో చూద్దాం.

[టైటిల్ కార్డు]

[హోస్ట్ కెమెరా ముందు. వెనక ఖాళీ గోడ.]

హోస్ట్: ఈ వీడియో కోసం ఒక మనిషిని ఊహించుకుందాం. 46 ఏళ్లు. లారీ నడుపుతాడు. పదిహేనేళ్లుగా రోజుకో క్వార్టర్. పండగైతే ఇంకొకటి. "నేను తాగుబోతునా? రోడ్డు మీద పడ్డానా ఎప్పుడైనా?" అంటాడు. నిజమే, పడలేదు.

లెక్క మాత్రం వేద్దాం. క్వార్టర్ అంటే 180 ఎం.ఎల్. మన దగ్గర అమ్మే విస్కీ, బ్రాందీలో ఆల్కహాల్ 42.8 శాతం. అంటే ఒక్క క్వార్టర్‌లో దాదాపు 60 గ్రాముల అచ్చమైన ఆల్కహాల్. నీళ్లు కలిపినా, సోడా కలిపినా ఆ 60 గ్రాములు తగ్గవు. "నేను బీరే" అనేవాళ్లకి కూడా చెప్పాలి కదా: 8 శాతం ఉండే స్ట్రాంగ్ బీరు 650 ఎం.ఎల్. సీసాలో 40 గ్రాములు పైనే. ఆడవాళ్లకైతే ఇంతకన్నా తక్కువ తాగుడుకే, తక్కువ ఏళ్లకే లివర్ పాడవుతుంది.

[గ్రాఫిక్: మనిషి బొమ్మ. కుడి పక్కటెముకల కింద లివర్. దాని పక్కన ఏ రంగూ వెలగదు.]

ఇంత పని పడుతున్న లివర్ ఎందుకు అరవదు? దాని లోపలి కండకి నొప్పి తెలిసే నరాలు లేవు. పైన ఉండే పొరకే ఉన్నాయి. లివర్ ఉబ్బి ఆ పొర సాగితే కుడి వైపు కాస్త బరువుగా అనిపిస్తుంది, అంతే. కొవ్వు పట్టినా, మచ్చలు కట్టినా, గట్టిపడినా చాలామందికి ఏళ్ల తరబడి ఏమీ తెలియదు. అందుకే "కడుపులో నొప్పి లేదు కాబట్టి లివర్ బాగుంది" అన్న మాట నమ్మకండి. కబురు వేరే చోట్ల నుంచి వస్తుంది. చెప్పుల దగ్గర నుంచి, లుంగీ ముడి దగ్గర నుంచి, నిద్ర దగ్గర నుంచి.

[షాట్: సాయంత్రం, గుమ్మం దగ్గర. పాదం మీద చెప్పు పట్టీ అచ్చు లోతుగా దిగి ఉంటుంది. బొటనవేలితో నొక్కితే పడిన గుంట మెల్లగా పూడుతుంది.]

మొదట పాదాలు. "డ్రైవింగ్ కదా, కాళ్లు వేలాడేసి కూర్చుంటాను" అంటాడు. ఆ తర్వాత లుంగీ ముడి అందదు. ఇంట్లోవాళ్లు "బొజ్జ వచ్చింది, బాగా తింటున్నావు" అని నవ్వుతారు. ఒక్కసారి ఆయన భుజాలు చూడండి, దండలు చూడండి. కండ కరిగిపోయి ఉంటుంది. వేలి ఉంగరం వదులైంది. చేతులు పుల్లల్లా, పొట్ట కుండలా ఉంటే అది తిండి వల్ల వచ్చిన బొజ్జ కాకపోవచ్చు. పొట్టలో నీరు. జలోదరం అని మన పెద్దలు అన్నది దీన్నే.

[యానిమేషన్: చెరువు, తూము, గట్టు.]

నీరెక్కడిది? ఊరి చెరువుని తలుచుకోండి. తూము పూడుకుపోతే వచ్చే నీళ్లు ఎటు పోతాయి? గట్టు వెంట ఊట దిగుతుంది. పేగుల నుంచి వచ్చే రక్తమంతా లివర్ గుండానే పైకి పోవాలి. మచ్చలు కట్టి గట్టిపడిన లివర్ పూడిన తూము. వెనక పీడనం పెరిగి నీరు పొట్టలోకి ఊరుతుంది. రక్తంలో నీటిని పట్టి ఉంచే అల్బుమిన్ అనే ప్రొటీన్‌ని తయారు చేసేదీ లివరే. అదీ తగ్గిపోయింది. కిడ్నీలు కూడా ఉప్పు వదలకుండా పట్టుకుంటాయి.

తూము మూసుకుంటే నీళ్లు పక్క కాల్వలు వెతుక్కుంటాయి కదా, ఇక్కడా అంతే. అన్నవాహిక అడుగున ఉన్న సన్నటి సిరల్లోకి రక్తం దారి మళ్లుతుంది. అవి అంత రక్తం మోయడానికి పుట్టినవి కావు. ఉబ్బుతాయి. ఒకరోజు పగులుతాయి.

[స్క్రీన్ నల్లబడుతుంది. శబ్దం ఆగుతుంది.]

అప్పుడు రక్తం కక్కుకుంటాడు. ముందు ఏ నొప్పీ ఉండకపోవచ్చు. లేదా మలం తారులా నల్లగా, జిగటగా, భరించలేని వాసనతో వస్తుంది. ఐరన్ మాత్రలు వేసుకున్నా మలం నల్లబడుతుంది కానీ, ఈ జిగటా ఈ కంపూ ఉండవు. ఈ రెండిట్లో ఏది కనిపించినా 108కి ఫోన్ చేయండి. తెల్లారేదాకా ఆగొద్దు, నిమ్మరసం పట్టొద్దు, ఊళ్లో ఇంజెక్షన్ వేయించి చూద్దామనుకోవద్దు. పొట్టలో నీరున్న మనిషికి జ్వరమో కడుపునొప్పో మొదలైనా అంతే తొందర. ఆ నీటికి ఇన్‌ఫెక్షన్ సోకి ఉండొచ్చు.

[హోస్ట్]

ఇక మగవాళ్లు ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. రొమ్ములు కాస్త పెరుగుతాయి, నొప్పిగా ఉంటాయి. సిగ్గుతో చొక్కా విప్పరు. ఆడ హార్మోను అందరి ఒంట్లోనూ కొంత ఉంటుంది. దాన్ని కరిగించాల్సిన లివర్ ఆ పని చేయలేకపోతోంది. అరచేతులు ఎర్రబడటం, ఛాతీ మీద సాలీడు కాళ్లలా సన్నటి ఎర్ర రక్తనాళాలు కనిపించడం, ఇవన్నీ ఆ కోవలోవే. డాక్టరు చొక్కా విప్పమంటే విప్పండి, అంతకన్నా ఏం చెప్పను.

కళ్లు పచ్చబడితే మాత్రం అందరూ గుర్తు పడతారు. గుర్తు పట్టి ఎక్కడికి తీసుకెళతారు? పసరు మందుకి. లేకపోతే చేతి మీద వాత పెట్టించడానికి. వైరస్ వల్ల వచ్చే కామెర్లు చాలావరకు వాటంతటవే తగ్గుతాయి. పసరుకి పేరొచ్చింది అలాగే. తాగుడు వల్ల వచ్చిన కామెర్లు వేరు. తీవ్రమైన ఆల్కహాలిక్ హెపటైటిస్, అంటే తాగుడు వల్ల లివర్ వాచడం, అయితే ఆసుపత్రిలో ఉన్నా కొందరిని వారాల్లో పోగొట్టుకుంటాం. పసరు తాగుతూ గడిపిన పది రోజులు తిరిగి రావు.

పత్యం సంగతి కూడా ఇక్కడే. కామెర్లనగానే చప్పిడి మెతుకులు, మజ్జిగ. పప్పు వద్దు, గుడ్డు వద్దు. అసలే కండ కరిగిపోతున్న మనిషి అది. సిర్రోసిస్, అంటే లివర్ మచ్చలు కట్టి గట్టిపడటం, ఉన్నవాళ్లకి కిలో బరువుకి రోజుకి 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్ కావాలని ఇప్పటి వైద్యం చెబుతోంది. పప్పు, గుడ్డు, పెరుగు పెట్టండి. పడుకునే ముందు కూడా ఏదో ఒకటి తినిపించండి, రాత్రంతా ఖాళీ కడుపుంటే ఒళ్లు తన కండనే తింటుంది. పొట్టలో నీరుంటే తగ్గించాల్సింది ఉప్పు. అంటే ఆవకాయ, అప్పడం, ఊర మిరపకాయ. ఈ మాట మా ఇంట్లో చెప్పినా ఎవరూ వినరని తెలుసు, అయినా చెబుతున్నా.

[షాట్: రాత్రి రెండు గంటలు. ఆయన మంచం మీద కూర్చుని ఉంటాడు. కట్. మధ్యాహ్నం రెండు. గాఢనిద్ర.]

తర్వాతిది నిద్ర. పగలు జోగుతాడు, రాత్రి మేలుకుంటాడు. చిల్లర లెక్క తప్పుతాడు. వచ్చిన దారే మర్చిపోతాడు. పిల్లల మీద ఊరికే కసురుకుంటాడు. "తాగి ఉన్నాడులే" అనుకుంటారు, తాగని రోజు కూడా. బస్సు ఆపుతున్నట్టు రెండు చేతులూ ముందుకు చాపి, అరచేతులు పైకెత్తి ఉంచమనండి. నిలవవు. పక్షి రెక్క ఆడించినట్టు టపటపా కిందికి పడుతుంటాయి. పొద్దున్న టీ గ్లాసుని వణికించిన వణుకు వేరు, ఇది వేరు. పేగుల్లో తయారయ్యే అమ్మోనియాలాంటి విషాల్ని లివర్ శుభ్రం చేయలేక అవి మెదడుకి ఎక్కుతున్నాయి. మలబద్ధకం చాలు దీన్ని రేపడానికి. నిద్రమాత్ర వేస్తే ఇంకా ముదురుతుంది. డాక్టర్లు లాక్టులోజ్ సిరప్ రాస్తారు. రోజుకి రెండు మూడు సార్లు మెత్తగా విరేచనం కావడమే దాని పని. "సిరప్ తాగితే మోషన్స్ అవుతున్నాయి" అని ఇంట్లోవాళ్లు దాన్నే ఆపేస్తారు, వారం తిరక్కుండా ఆయన మళ్లీ అయోమయంలో పడతాడు.

లివర్ ఒక్కటే అనుకోకండి. అరికాళ్లలో మంట, తిమ్మిర్లు, కాలి నుంచి చెప్పు జారిపోయినా తెలియకపోవడం నరాల దెబ్బ. పైకడుపులో మొదలై వీపులోకి పొడుచుకుపోయే నొప్పి, ముందుకి వంగి కూర్చుంటే కాస్త తగ్గే నొప్పి పాంక్రియాస్‌ది, అంటే క్లోమానిది. షుగరు కూడా దాని వెంటే రావచ్చు. గుండె లయ తప్పి దడదడలాడటం, మెట్లెక్కితే ఆయాసం కూడా పదిహేనేళ్ల తాగుడు ఖాతాలోవే కావచ్చు.

[హోస్ట్ కాస్త ముందుకి జరుగుతాడు.]

ఇదంతా విని రేపటి నుంచి ఒట్టేసి చుక్క ముట్టననుకుంటున్నారా? ఆ నిర్ణయం బంగారం. కానీ ఒక్కళ్లే ఇంట్లో ఉండి ఒక్కసారిగా మానొద్దు.

లారీ భాషలో చెబుతాను. ఆల్కహాల్ మెదడుకి బ్రేకు. రోజూ బ్రేకు తొక్కి ఉంచితే, బండి కదలాలి కాబట్టి మెదడు యాక్సిలరేటర్ ఇంకా గట్టిగా తొక్కడం నేర్చుకుంది. పదిహేనేళ్లుగా అలా నడుస్తోంది. ఇప్పుడు బ్రేకు మీంచి కాలు తీసేస్తే?

[టైమ్‌లైన్ గ్రాఫిక్: గడియారం ముల్లు తిరుగుతుంది.]

ఆఖరి పెగ్గు తర్వాత ఆరు గంటల నుంచి వణుకు, చెమట, వాంతి, గుండెదడ. టీ గ్లాసు సంగతి ఇదే, రాత్రి మందు దిగిపోయింది. రెండు రోజుల లోపు ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య కొందరికి ఒళ్లు కాలిపోతూ మతి చెదురుతుంది. గోడల మీద పురుగులు పాకుతున్నాయంటారు, లేని లారీకి స్టీరింగ్ తిప్పుతారు. ఇంట్లోవాళ్లు గాలి సోకిందని తాయెత్తుకి పరిగెడతారు. అది డెలీరియం ట్రెమెన్స్. వైద్యం అందకపోతే ప్రాణం పోతుంది.

2020 మార్చి ఆఖర్లో ఇది మనందరి కళ్ల ముందే జరిగింది. లాక్‌డౌన్‌లో మందు షాపులు మూతపడ్డ కొద్ది రోజులకే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి ఇలాంటి వాళ్లు వరస కట్టారు. అప్పుడు వాట్సాప్‌లో నవ్వుకున్నాం.

కల్తీ కల్లు అలవాటున్న వాళ్లకి ఇంకో మెలిక. అందులో కలిపేది అల్ప్రాజోలం, డయజిపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తు, నిద్ర మందులు. తాగేవాడికి తెలియకుండానే మాత్రలకి బానిస అవుతాడు. మానగానే ఫిట్స్. కల్లు అని చెప్పడానికి నామోషీ పడకండి, డాక్టరు మందు మార్చేది దాన్ని బట్టే.

[షాట్: మంచం కోడుకి కట్టిన కర్రకి వేలాడుతున్న సెలైన్ సీసా.]

ఇదిగో, ఈ సీసా. నీరసంగా ఉందంటే ఊళ్లో మొదట ఎక్కించేది గ్లూకోజ్. ఏళ్లుగా తాగి, సరిగ్గా తినని ఒంట్లో బి1 విటమిన్, అంటే థయమిన్, అడుగంటి ఉంటుంది. గ్లూకోజ్‌ని వాడుకోవాలంటే ఒంటికి బి1 కావాలి. ఉత్త గ్లూకోజ్ ఎక్కిస్తే మిగిలిన ఆ కాస్తా ఖర్చయిపోయి మెదడు దెబ్బతినొచ్చు: అయోమయం, చూపు నిలవకపోవడం, నడక తూలడం. తాగిన మత్తులాగే కనిపిస్తుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు. ఆలస్యమైతే కొత్త సంగతి ఏదీ గుర్తుండని మతిమరుపు శాశ్వతంగా మిగులుతుంది. కాబట్టి సీసా పెట్టేవాళ్లని అడగండి: "బి1 ఇంజెక్షన్ ఇచ్చారా?" ఒళ్లు నొప్పులకి డైక్లోఫెనాక్ సూది కూడా వద్దనండి, దెబ్బతిన్న లివర్ ఉన్నవాళ్లకి అది కిడ్నీల్ని దెబ్బతీయొచ్చు.

"తెలియకుండా కూరలో కలిపితే తాగుడు మానేస్తారు" అని అమ్మే పొడుల మాట కూడా చెప్పాలి. వాటిలో డైసల్ఫిరామ్ (తాగుడు మాన్పించడానికి డాక్టర్లు వాడే మందు) ఉంటే, అది తెలియక ఆయన తాగితే, బీపీ పడిపోయి గుండె మీదికి రావచ్చు. అలా కలిపే అక్కచెల్లెళ్ల కష్టం నాకు అర్థమవుతుంది, తప్పు పట్టడం లేదు. కానీ వద్దు.

[గ్రాఫిక్: ల్యాబ్ రిపోర్టు.]

పరీక్షలు పెద్దవేం కావు. సీబీపీ (రక్తకణాల లెక్క), ఎల్‌ఎఫ్‌టీ (లివర్ పరీక్ష), పీటీ ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టే తీరు), పొట్ట స్కానింగ్. రిపోర్టులో ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ అనే లివర్ ఎంజైములు నార్మల్ అని ఊపిరి పీల్చుకోకండి, బాగా మచ్చ కట్టిన లివర్‌లో కూడా అవి మామూలుగా ఉండొచ్చు. అల్బుమిన్, ఐఎన్ఆర్, ప్లేట్‌లెట్లు చూడండి. ప్లేట్‌లెట్లు తగ్గాయంటే మనకి డెంగీ ఒక్కటే గుర్తొస్తుంది. జ్వరం లేకుండా తగ్గితే, లివర్ వెనక పీడనం పెరిగి ప్లీహం ఉబ్బిందేమో అడగాలి.

కొవ్వు పట్టిన దశలోనే మానేస్తే కొన్ని వారాల్లో లివర్ తేరుకుంటుంది. మచ్చ కట్టాక అది పూర్తిగా పోదు, కానీ మానిన వాళ్లలో నెలలు గడిచేకొద్దీ పొట్టలో నీరు తగ్గడం, కళ్ల పచ్చదనం పోవడం డాక్టర్లు చూస్తూనే ఉంటారు. మాన్పించే సాయం కావాలంటే 14446 ప్రభుత్వ హెల్ప్‌లైన్, డబ్బు కట్టక్కర్లేదు. మనసు బాగోలేకపోతే టెలీ మానస్, 14416.

[చివరి షాట్: వంటింటి గట్టు. ఆ గ్లాసు పక్కన క్యాలెండర్ కాగితం ముక్క, పెన్ను. ఆవిడ చెయ్యి రాస్తూ ఉంటుంది.]

వాయిస్: ఆసుపత్రికి బయల్దేరే ముందు ఒక కాగితం మీద నాలుగు ముక్కలు రాసుకోండి. రోజుకి ఎంత, సీసా లెక్కన. ఎన్నేళ్లుగా. ఏ ఏ మాత్రలు, ఏ పసరు. ఆఖరి చుక్క ఎప్పుడు, గంటతో సహా. డాక్టరు మొదట అడిగేది ఆ గంటే.