దిగేటప్పుడు కాలు ఎక్కడుంది?

అందరికీ నమస్కారం. ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు భయపడేవాళ్ళు ఒకసారి చెయ్యెత్తండి. సగం మంది పైనే ఉన్నారు. మరి దిగేటప్పుడు? ముగ్గురు, నలుగురు. ఇవాళ నా గొడవంతా దీని గురించే.

ఎక్కేటప్పుడు ఇంజన్ గోల పెడుతుంది. బండి వెనక్కి జారుతుందేమోనని టెన్షన్. కానీ యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే చాలు, బండి తనంతట తానే నెమ్మదిస్తుంది. దిగేటప్పుడు అదే కొండ వెనకనుంచి తోస్తుంది. చప్పుడు ఉండదు, చల్లటి గాలి తగులుతుంటుంది, పాటలు పెట్టుకుంటాం. కాలేమో మనకు తెలియకుండానే బ్రేక్ మీద ఉండిపోతుంది.

ఒక చిన్న లెక్క. 1500 కిలోల కారు 1000 మీటర్ల ఎత్తు దిగిందనుకోండి. ఆ ఎత్తు వల్ల వచ్చిన శక్తి ఎక్కడికో ఒకచోటికి పోవాలి. అదంతా బ్రేకుల్లోనే వేడిగా మారితే, ఆ వేడితో 40 లీటర్లకు పైగా చన్నీళ్ళను మరిగే దాకా కాచవచ్చు. గాలి కొంత పంచుకుంటుంది కానీ, ఘాట్‌లో మనం వెళ్ళే వేగానికి దాని వంతు తక్కువే.

నాకిది లెక్కల ద్వారా తెలియలేదు. కొత్తగా నడిపే రోజుల్లో కొండ మొత్తం బ్రేక్ తొక్కుకుంటూ దిగాను. ముందు కాలిన వాసన వచ్చింది. ముందు వెళ్తున్న లారీదేలే అనుకున్నాను! రెండు మలుపుల తర్వాత పెడల్ మెత్తబడి లోపలికి పోవడం మొదలైంది. అదృష్టం కొద్దీ కాస్త చదునైన చోటు దొరికింది. ఒక పెద్దాయన లారీ ఆపి వచ్చి, చక్రాల కింద రాళ్ళు పెట్టి, నన్ను ఒకటే అడిగాడు: "ఏ గేరులో దిగుతున్నావు బాబూ?" నాలుగో గేరు అని చెప్పడానికి సిగ్గేసింది.

పెడల్ ఎందుకు మెత్తబడుతుంది? బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్త ఆయిల్ కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పట్టాక ఆ హద్దు 140కి పడిపోతుంది. మరిగితే బుడగలు పుడతాయి. మన కాలి బలమంతా ఆ బుడగలను నొక్కడానికే సరిపోతుంది, చక్రం దాకా చేరదు. బ్రేక్ ప్యాడ్లు వేడెక్కి పట్టు తప్పడం ఇంకో రకం. అప్పుడు పెడల్ గట్టిగానే ఉంటుంది, బండి మాత్రం ఆగదు. ఏదైనా సరే, ఆగి చల్లారనివ్వాలి. వేడి డిస్కుల మీద నీళ్ళు మాత్రం పోయకండి, పగిలిపోవచ్చు.

అందుకే దిగుడు మొదలవకముందే గేరు తగ్గించాలి. తక్కువ గేరులో ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది, బ్రేకుల మీద భారం తగ్గుతుంది. ఎక్కిన గేరులోనే దిగాలని పాత డ్రైవర్లు అంటారు. ఇప్పటి బండ్లకు ఒక్కోసారి ఇంకా తక్కువ గేరు కావాలి. బ్రేక్ మీద కాలు ఆనించి ఉంచకండి. కాసేపు గట్టిగా తొక్కి, వేగం తగ్గాక వదిలేయండి. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో దిగేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే ఇప్పటి ఇంజన్లు ఎలాగూ పెట్రోలు ఆపేస్తాయి. ఎలక్ట్రిక్ కారు వాళ్ళకో మాట: కొండ మీద బ్యాటరీ నిండా ఛార్జ్ చేసి బయల్దేరితే, దిగేటప్పుడు పుట్టే కరెంటుకు చోటుండదు. మోటారు బండిని పట్టి ఉంచడం తగ్గిపోతుంది.

ఇక హెయిర్‌పిన్ మలుపులు, అంటే జడపిన్నులా వెనక్కి తిరిగిపోయేవి. ఇటలీలో స్టెల్వియో కనుమ 2757 మీటర్ల ఎత్తున ఉంది. దానికి తూర్పు వైపునే 48 మలుపులు. ఒక మలుపు వేడి చల్లారకముందే ఇంకోటి వచ్చేస్తుంది. వేగం, గేరు రెండూ మలుపుకు ముందే తేల్చుకోవాలి. స్టీరింగ్ తిప్పుతూ గేరు వెతుక్కోకూడదు. మలుపు లోపలి అంచున వాలు ఎక్కువ. పైగా వెనక చక్రాలు ముందు చక్రాలకంటే లోపలికి కోసుకుపోతాయి. పొడవాటి బస్సుకు మలుపులో రోడ్డంతా కావాల్సి వస్తుంది. అది కనిపిస్తే మలుపులోకి వెళ్ళి ఇరుక్కోకుండా, ముందే ఆగండి.

ఇరుకు దారిలో ఎదురుపడితే ఎక్కే బండికే దారివ్వడం చాలా దేశాల పద్ధతి. ఎక్కుడులో ఆగిపోతే మళ్ళీ కదలడం కష్టం కదా. బొలీవియాలో బండ్లు కుడివైపు నడుస్తాయి, అక్కడి పాత యుంగాస్ ఘాట్ రోడ్డు మీద మాత్రం ఎడమవైపు. దిగే బండి లోయ అంచుకు జరగాలి. స్టీరింగ్ ఎడమవైపే ఉంటుంది కాబట్టి చక్రం అంచుకు ఎంత దూరంలో ఉందో డ్రైవరే తల బయటపెట్టి చూసుకోగలడు.

సరే, ఆటోమేటిక్ కార్లవాళ్ళు ఎంతమంది? మీ గేరు దగ్గర ఎల్ (తక్కువ గేరు) అనో, ఎం (గేరు మనమే మార్చుకోవడం) అనో ఉంటుంది. ఎప్పుడైనా వాడారా? ఒక్క చెయ్యీ లేవలేదు. కార్లు బయటే ఉన్నాయిగా, పదండి, ఒక్కొక్కటీ చూద్దాం.