చెరువు ఒకటే, నక్షాలు రెండు

సభాధ్యక్షులకు, వేదిక మీదున్న మున్సిపల్ చైర్మన్ గారికి, సర్పంచ్ గారికి, ఎండలో నిలబడ్డ బడిపిల్లలకు నమస్కారం. పిల్లల్ని ముందు నీడలో కూర్చోబెట్టండి మాస్టారూ, నేను తొందరగా ముగించే రకం కాదు. శాలువా కప్పిన కమిటీవారికి కృతజ్ఞతలు. ఉక్కపోస్తోంది, తీసి పక్కన పెడుతున్నాను, ఏమీ అనుకోవద్దు.

1971లో ఇదే ఫిబ్రవరి 2న ఇరాన్‌లోని రాంసార్‌లో చిత్తడి నేలల ఒప్పందం కుదిరింది. అందుకే ఈ చిత్తడి నేలల దినోత్సవం. నన్ను వలస పక్షుల గురించి మాట్లాడమన్నారు. పక్షుల సంగతి నాకన్నా ఈ పిల్లలకే ఎక్కువ తెలుసు. నేను సర్వే శాఖలో గొలుసు లాగి రిటైరైనవాణ్ని. నాకు తెలిసింది కొలతలే.

చెరువు పూర్తిగా నిండితే నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో అది ఎఫ్‌టీఎల్. అక్కణ్నుంచి కొంత జాగా ఇల్లూ వాకిలీ లేకుండా వదలాలి, అది బఫర్. 2012 ఏప్రిల్‌లో భవన నిర్మాణ నిబంధనల మీద వచ్చిన 168 జీవోలో లెక్క ఉంది. పది హెక్టార్లు, ఆ పైన ఉన్న చెరువుకు 30 మీటర్లు. అంతకన్నా చిన్నదైతే 9 మీటర్లు. పది హెక్టార్లంటే దాదాపు 25 ఎకరాలు.

మన చెరువు 32 ఎకరాలు. అంటే 30 మీటర్లు వదలాలి, అవునా? కానీ దాని మధ్యలోంచి ఊరి సరిహద్దు పోతోంది. మున్సిపాలిటీ వైపు 18 ఎకరాలు, పంచాయతీ వైపు 14. ఏ ఊరి నక్షా ఆ గీత దగ్గరే ఆగిపోతుంది. ఇటు లేఅవుట్ వేసినాయన ఇటు నక్షా ఒక్కటే ఫైలుకు జతచేశాడు. అందులో చెరువు 18 ఎకరాలే, కాబట్టి 9 మీటర్లు చాలు! అటువైపాయన మాత్రం ఊరుకుంటాడా? ఆయనది 14 ఎకరాలే కదా, ఆయనకూ 9 మీటర్లే. ఏ కాగితంలోనూ అబద్ధం లేదు, చూసుకోండి. 32 ఎకరాల చెరువు మాత్రం ఏ ఫైల్లోనూ లేదు.

ఇదేమిటని రెండు ఆఫీసుల్లోనూ అడిగాను. "అటువైపు మా పరిధి కాదు సార్" అన్నారు ఇక్కడ. అక్కడా అదే మాట, కాకపోతే కుర్చీ వేసి, టీ ఇచ్చి చెప్పారు. ఇద్దరూ ఒక్కసారి కూర్చోండయ్యా అంటే పైనుంచి లెటర్ రావాలట. ఆ పైన ఉన్నదెవరో మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి, నేనే వెళ్లి కలుస్తాను.

తూర్పు వైపు పాతిన ఎఫ్‌టీఎల్ రాయి ఇప్పుడు ఒక ఇంటి పెరట్లో ఉంది. దాని మీద బట్టలుతుకుతున్నారు. "నున్నగా ఉంది అంకుల్, లేఅవుట్ వాళ్లే వేయించారనుకున్నాం" అంది ఆ అమ్మాయి. ఆమెను ఏమనగలను? బ్యాంకు లోను తీసుకుని కొనుక్కున్న ఇల్లది. 30 సంగతి దేవుడెరుగు, ఆ 9 మీటర్లూ దక్కలేదు.

మాట పక్కకు పోతోంది గానీ, నదుల సంగతీ వినండి. అదే జీవో ప్రకారం మున్సిపల్ పరిధి బయటైతే నది అంచు నుంచి 100 మీటర్లు వదలాలి, లోపలైతే 50. పంచాయతీని మున్సిపాలిటీలో కలిపితే నది అంగుళం కూడా జరగదు, వదలాల్సిన ఒడ్డు మాత్రం సగమైపోతుంది. నాలాల లెక్క ఇంకా విచిత్రం. పది మీటర్లకు మించి వెడల్పుంటే 9 మీటర్ల బఫర్, లేకపోతే 2 మీటర్లే. కబ్జా చేసి నాలాను ఇరుకు చేసినవాడికి బఫర్ కూడా తగ్గుతుందన్నమాట!

మనవి గొలుసుకట్టు చెరువులు. చెరువు నిండి మన మత్తడి దూకితే నీళ్లు పక్క ఊరి కుంటలోకే పోవాలి. 2020 అక్టోబరులో హైదరాబాద్ శివారు గగన్‌పహాడ్ దగ్గర అప్ప చెరువు తెగితే నీళ్లు బెంగళూరు హైవే మీదికొచ్చాయి. పై ఊళ్లో ఇచ్చిన పర్మిషన్‌కు కింది ఊరు మునుగుతుంది. కింది ఊరివాళ్లకు పై ఊళ్లో ఓటుండదు.

చెరువుల్లో కబ్జాలు కూల్చడానికి హైదరాబాద్‌లో హైడ్రా అనే ప్రభుత్వ సంస్థ ఉంది కదా అంటారు. 2024 జులైలో వచ్చింది, నిజమే. దాని పరిధి ఔటర్ రింగ్ రోడ్డు దాకానే, మనం ఔటర్‌కు అవతల ఉన్నాం. అయినా బుల్డోజర్ వస్తే ఆ అమ్మాయి లోను ఎవరు కడతారు? నేనడుగుతున్నది పర్మిషన్ ఇవ్వకముందు సంగతి. ప్లాటు కొనేవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. మీరూ పక్క ఊరి నక్షా కూడా తెమ్మని అడగండి, సిగ్గుపడకండి.

చైర్మన్ గారూ, సర్పంచ్ గారూ, మీ కుర్చీల మధ్య జానెడు దూరం కూడా లేదు. నా జేబులో తీర్మానం నకళ్లు రెండున్నాయి, ఒక్క అక్షరం తేడా లేదు. చెరువు మొత్తానికీ ఒకే నక్షా, రెండువైపులా 30 మీటర్లు, ఎటువైపు లేఅవుట్ ఫైలు వచ్చినా అవతలి ఆఫీసుకు ఒక కాపీ. రాళ్లు పాతేటప్పుడు ఇద్దరి సర్వేయర్లూ ఉండాలి. అడిగితే నేనూ వస్తాను. వచ్చే మీటింగులో దీన్ని పెడతారో లేదో ఇద్దరూ ఈ మైకులోనే చెప్పండి. ఆ తర్వాతే భోజనాలు.